వేరును చెడగొట్టకుండా శిల్పం చేయడం: చైనా పండితుల గది పద్ధతి

వేరు శిల్పం అనగానే మనకు గుర్తొచ్చేది ఎగ్జిబిషన్ స్టాల్లో వార్నిష్‌తో నిగనిగలాడే గద్ద, లేకపోతే పడగ విప్పిన పాము. పాత చైనాలో చదువుకున్నవాళ్ల బల్ల మీద ఉండే వేరుముక్క వేరే రకం. అది దేన్ని పోలి ఉందో గట్టిగా చెప్పలేం. ఒక పక్కనుంచి కొండలా, ఇంకో పక్కనుంచి మబ్బులా, రాత్రి దీపం వెలుగులో మరోలా కనిపిస్తుంది. అలాంటి ముక్కను మనకు దొరికే కర్రతో ఇంట్లోనే ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను. ఇందులో ఉలి ఆడించే పని తక్కువ, చూస్తూ కూర్చునే పని ఎక్కువ. అంత ఓపిక లేకపోతే కొనుక్కోవడమే మేలు. దానికీ చివర్లో రెండు మాటలు ఉన్నాయి.

ముందు ఆ గది సంగతి

సోంగ్ వంశ కాలం (960–1279) నుంచి చింగ్ వంశం ముగిసిన 1912 దాకా చైనాలో చదువుకున్నవాడికి ఉండే పెద్ద కోరిక ఒక రాతగది. రాజుగారి కొలువుకు పెట్టే పరీక్ష పాసై అందులో చేరినవాడికీ, చేరి విసుగెత్తి ఇంటికొచ్చేసినవాడికీ, ఎన్నిసార్లు రాసినా పాసు కానివాడికీ అదే కోరిక. బల్ల మీద కుంచె, సిరా కడ్డీ, కాగితం, సిరా నూరే రాయి ఉండేవి. ఈ నాలుగింటినీ రాతగది నాలుగు నిధులు అనేవారు. వాటి చుట్టూ చిన్నాచితకా వస్తువులు చేరేవి. చెట్టు బుడిపెను తొలిచి చేసిన కుంచెల డబ్బా, వంకర వేరుతో చేసిన కుంచె ఆనుకునే దిమ్మ, సాంబ్రాణి పాత్ర కింద పీట, రూయి అనే దండం, విసనకర్రలా ఊపే వెంట్రుకల చామరానికి కొమ్మ పిడి. వీటిలో ఖరీదైన కలప కంటే వంకర తిరిగిన ముక్కకే గౌరవం ఎక్కువగా ఉండేది.

ఈ రుచి ఊరికే పుట్టలేదు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దపు తాత్వికుడు జువాంగ్‌జీ పేరుతో ఒక కథ ఉంది. ఒక వడ్రంగి గుడి దగ్గరి మహావృక్షాన్ని చూసి, దేనికీ పనికిరాని కలప అని తీసిపారేసి వెళ్లిపోతాడు. ఆ రాత్రి చెట్టు కలలోకి వచ్చి, పనికిరాకపోబట్టే ఇంతకాలం బతికానని చెబుతుంది. కొలువు దొరకనివాడికీ, కొలువులో మనసు లేనివాడికీ ఈ కథ ఎంత నచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వస్తువుగా చూస్తే వేరుశిల్పం ఇంకా పాతది. హుబే ప్రావిన్సులో జియాంగ్‌లింగ్ దగ్గర మాషాన్ అనేచోట 1982లో చూ అనే పాత రాజ్యపు సమాధి ఒకటి తవ్వితే, అందులో వేరుతో చేసిన ఒక జంతువు దొరికింది. వయసు సుమారు 2300 ఏళ్లు. తల చెక్కారు, కాళ్ల మీద చిన్న చిన్న ప్రాణులను చెక్కారు. కాళ్లు మాత్రం వేరు ఎటు వంగితే అటే వంగి ఉన్నాయి. సోంగ్, చింగ్ వంశాల నడుమ వచ్చిన మింగ్ వంశ కాలం (1368–1644) నాటి ‘పారే మబ్బు తెప్ప’ ఇప్పుడు బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. మనిషి వెనక్కి వాలి కాళ్లు చాపుకునేంత పెద్ద వేరుముద్ద అది. దాని మీద జావ్ యిగ్వాంగ్, దోంగ్ చిచాంగ్, చెన్ జిరు లాంటి పేరున్నవాళ్ల అక్షరాలు చెక్కి ఉన్నాయి. మనం చేయబోయేది అరచేతి నుంచి మూరెడు దాకా ఉండే ముక్క కాబట్టి కంగారు పడక్కర్లేదు.

మొదటి పని: అల్లంతో కళ్లకు పరీక్ష

‘వంకర టింకర శొ, వాని తమ్ముడు అ’ అని చిన్నప్పుడు విప్పిన పొడుపుకథ గుర్తుందా? శొంఠి, అల్లం. వంటింట్లోంచి ఓ పెద్ద అల్లం కొమ్ము తెచ్చుకుని బల్ల మీద నిలబెట్టండి.

చైనావాళ్లు వింత రాళ్లను మెచ్చడానికి నాలుగు మాటలు వాడతారు. రాళ్ల పిచ్చితో పేరుపడ్డ ‘మీ ఫూ’ అనే సోంగ్ కాలపు చిత్రకారుడి పేరు మీద అవి చలామణి అవుతున్నాయి. ఒక వింత రాయికి దుస్తులు సర్దుకుని నమస్కరించి ‘అన్నగారూ’ అన్నాడని ఆయన గురించి చెబుతారు. ఆ మాటలు షౌ, జౌ, లౌ, థౌ. అంటే సన్నగా నిలబడటం, ముడతలు ఉండటం, చిల్లులు ఉండటం, ఆ చిల్లుల్లోంచి అవతలి వెలుగు కనపడటం. వేళ్లకూ ఇవే కొలతలు చక్కగా సరిపోతాయి.

ఇప్పుడు అల్లాన్ని చూడండి. పడుకోబెడితే అదొక కూరగాయ. ఒక కొమ్ము మీద నిలబెడితే నడుము దగ్గర సన్నబడి, పైన బరువుగా, పడిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. తలకిందులు చేయండి. మళ్లీ తిప్పండి. ఒక్క కొమ్ముకు నాలుగైదు నిలకడలు దొరుకుతాయి, వాటిలో ఒకటో రెండో మాత్రమే బావుంటాయి. ఈ తేడా కంటికి తెలిసేదాకా రోజుకో అల్లం తిప్పండి. పోయేదేం లేదు, సాయంత్రం టీలో వేసుకోవచ్చు.

రెండో పని: వేరు సంపాదించడం

బతికున్న చెట్టు జోలికి వెళ్లకండి. పచ్చివేరు ఎండేటప్పుడు పగులుతుంది. పైగా ఈ పని వెనకున్న ఆలోచనే ఎండకూ వానకూ చెదలుకూ తట్టుకుని మిగిలినదాన్ని ఏరుకోవడం. మెత్తటిదంతా కుళ్లిపోయి గట్టి చేవ మిగిలితే సగం శిల్పం అప్పటికే అయిపోయినట్టు.

గోదావరి, కృష్ణ వరద తీశాక ఇసుకతిన్నెల మీద, ఎండిన చెరువుల్లో, జేసీబీతో చదును చేసిన పొలాల గట్ల మీద, రోడ్డు వెడల్పుకు కొట్టేసిన చింతలు, వేపల మొదళ్ల దగ్గర వెతకండి. స్థలం యజమానిని అడిగి తీసుకోండి. అరకు వైపు తెలిసినవాళ్లుంటే ముసలి కాఫీ మొక్కలు పీకేసినప్పుడు ఒక మొదలు అడగండి. కాఫీ వేరు గట్టిగా, సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది. చింత బరువు, చేవ నల్లగా ఉంటుంది, ఉలికి తేలిగ్గా లొంగదు. వేప మొదట్లో వచ్చే బుడిపెలను కోస్తే లోపల సుడులు కనిపిస్తాయి. ఇలాంటి సుడుల కలపనే చైనాలో యింగ్‌ము అంటారు, కుంచెల డబ్బాలకు దాన్ని ఏరికోరి వాడేవారు. మునగ, బూరుగ లాంటి మెత్తటి కర్ర వద్దు. రిజర్వు ఫారెస్టులోంచి అనుమతి లేకుండా ఎండుకట్టె తెచ్చినా కేసవుతుంది.

ఇక్కడే ఎర్రచందనం మాట చెప్పాలి. చైనావాళ్లు ప్రాణం పెట్టే జితాన్ కలప అదే. 2000లో వాళ్లు హాంగ్‌ము అనే ఖరీదైన కలపలకు తెచ్చిన ప్రమాణంలో జితాన్ అనే పేరు ఈ ఒక్క జాతికే ఇచ్చారు. అది సహజంగా పెరిగేది మన శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ అడవుల చుట్టుపక్కలే. చింగ్ రాజుల కాలంలో సింహాసనాలు, పెట్టెలతో పాటు వింత రాళ్ల కింద పెట్టే చిన్న చెక్కడపు పీటలకూ జితాన్ వాడేవారు. ఆ మోజు ఖర్చు మన అడవులు ఇంకా కడుతూనే ఉన్నాయి. 1995 నుంచి ఇది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. కాగితాలు లేకుండా ఎవరైనా ‘చిన్న వేరుముక్కే కదండీ’ అని ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకోండి. ఈ పనికి చింత చాలు.

మూడో పని: కడగడం, పురుగు చంపడం, ఆరబెట్టడం

ఇది విసుగు పని. కానీ ఇక్కడ తొందరపడితే మిగతాదంతా దండగ.

వేరును ఒకటి రెండు రోజులు బకెట్ నీళ్లలో నానబెట్టండి. సందుల్లో మట్టిని పాత టూత్‌బ్రష్‌తో, వెదురు పుల్లతో తీయండి. ఇనుప మేకుతో గీకితే ఆ గీత ఎప్పటికీ పోదు. బెరడు అంటుకుని ఉంటే పాత నీళ్లకాగులో వేసి ఓ గంట మరిగించండి, చేత్తో లాగితే ఊడొస్తుంది. లోపల దాక్కున్న పురుగులూ చస్తాయి. కాగులో పట్టని ముక్కను పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, 10 లీటర్ల వేడినీళ్లలో 300 గ్రాముల బొరాక్స్, 200 గ్రాముల బోరిక్ పౌడర్ కలిపి రెండు రోజులు ముంచి ఉంచండి. గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ముక్క ఎప్పుడో ఎండిపోయినదై, తట్టితే సన్నటి పిండి రాలుతోందంటే లోపల పురుగు తింటోందన్నమాట. అలాంటిదాన్ని గాలి చొరకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. ఇంట్లోవాళ్లను ఒప్పించుకోవడం మీ తంటా. ఐస్‌క్రీమ్ పక్కన చింతవేరు పెట్టినందుకు మా ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

తర్వాత నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైపొర ముందు కుంచించుకుని చీలుతుంది. కోసిన చివర్ల నుంచి తేమ త్వరగా పోతుంది గనక అక్కడ కొవ్వొత్తి కరిగించి పూయండి. ఎండిందో లేదో చేత్తో తాకితే తెలియదు. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. వరసగా మూడు నాలుగు వారాలు బరువు మారకపోతే సిద్ధమైనట్టు. నా ముక్క రెండున్నర కిలోల దగ్గర మొదలై, ఆరు నెలలు దాటాక కిలో ఎనిమిది వందల దగ్గర ఆగింది. వానాకాలంలో మళ్లీ కాస్త పెరుగుతుంది, భయం లేదు.

నాలుగో పని: నిలకడ వెతకడం, ఒక్క కోత కోయడం

వేరుశిల్పులు చైనాలో ఎప్పుడూ చెప్పే లెక్క ఒకటుంది: ఏడు వంతులు ప్రకృతి, మూడు వంతులు మనిషి. కొత్తగా చేసేవాళ్లకు తొమ్మిది, ఒకటి అనుకుంటే ఇంకా క్షేమం.

ముక్క ఆరుతున్న నెలల్లోనే దాన్ని రోజూ చూసేచోట పెట్టండి. వారానికోసారి నిలబెట్టే తీరు మార్చండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అన్ని ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ కన్ను మళ్లీ మళ్లీ ఏ నిలకడ దగ్గర ఆగుతోందో తెలుస్తుంది.

అది తేలాక అడుగు చదును చేయాలి. బేసిన్‌లో ఇసుక పోసి ముక్కను మీకు నచ్చిన ఒంపులో అందులో గుచ్చి నిలపండి. ఇసుక పైభాగాన్ని స్కేలుతో చదునుగా సర్దండి. పెన్సిల్‌ను ఒక అగ్గిపెట్టె మీద పడుకోబెట్టి, అగ్గిపెట్టెను ఇసుక మీద జరుపుతూ ముక్క చుట్టూ గీత గీయండి. ఎత్తుపల్లాలు ఎలా ఉన్నా గీత ఒకే మట్టంలో వస్తుంది. సన్నపళ్ల రంపంతో గీతకు ఒక పిసరు కిందగా, ముక్కను తిప్పుకుంటూ అన్ని వైపుల నుంచీ కోయండి. ఒకే వైపు నుంచి కోసుకుంటూ పోతే అవతల రంపం ఎక్కడో తేలుతుంది. తర్వాత గాజుపలక మీద ఎమరీ పేపరు పరిచి దాని మీద రుద్దితే సరిగ్గా నిలబడుతుంది.

ఇంక కోయాల్సింది పుల్లల్లా పొడుచుకొచ్చిన చివర్లు, కుళ్లిన మెత్తటి భాగం. అంతే. మా ఊరి వడ్రంగి బాబాయి నా పని చూసి, ‘పొయ్యిలో పెట్టేదాన్ని పట్టుకుని ఆర్నెల్లు కూర్చున్నావ్, ఓ నాలుగు దెబ్బలేస్తే వినాయకుడు వస్తాడబ్బాయ్’ అన్నాడు. నిజంగానే తొండంలా ఒక కొమ్ము ఉంది. ఆ దెబ్బలు వేయనివ్వకుండా ఆపడానికి చాలా కష్టపడ్డాను. వేస్తే అది వినాయకుడే అయ్యేది, మరోలా చూడ్డానికి దారి ఉండేది కాదు.

నాన్‌జింగ్‌లో మింగ్ కాలం చివర పూ జోంగ్‌చియెన్ అనే వెదురు శిల్పి ఉండేవాడు. ఆయన కాస్త గీకి రుద్ది ఇచ్చిన వెదురు వస్తువుకు తూకపు వెండిలో ధర పలికేదట. తనకు మాత్రం మెలికలు తిరిగిన వెదురు వేళ్లే ఇష్టమనీ, కత్తి పెట్టకుండా పని జరిపించడమే ఆయనకు గొప్పగా అనిపించేదనీ ఆ కాలపు రచయిత జాంగ్ దాయ్ రాశాడు. దాదాపు అదే రోజుల్లో సుజౌకు చెందిన వెన్ జెన్‌హెంగ్ (1585–1645) ధ్యానపు కుర్చీ గురించి రాస్తూ, ముసలి చెట్టు వేరు అయితే కొమ్మలకు సొరబుర్ర, జపమాల తగిలించుకోవచ్చు గానీ, రాతి మణిలా నున్నగా ఉండాలి, గొడ్డలి గుర్తు కనపడకూడదు అంటాడు. ఎవరో ఐదు రంగుల పుట్టగొడుగులు తెచ్చి కుర్చీకి అంటించారట, అది పాముకు కాళ్లు తగిలించడమేనని విసుక్కుంటాడు కూడా. మనవాళ్లు వేరు ఏనుగుకు ప్లాస్టిక్ కళ్లు అంటించడం చూస్తే ఏమనేవాడో.

ఐదో పని: నునుపు

120 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టి 240, 400, 600 దాకా వెళ్లండి. ఎప్పుడూ పీచు వెంబడే రుద్దాలి. 240 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే అణిగిన పీచులు లేస్తాయి, వాటిని మళ్లీ రుద్దండి. సందుల్లోకి వెళ్లడానికి పేపరును సన్నగా చీల్చి, రెండు కొసలూ పట్టుకుని మజ్జిగ చిలికినట్టు లాగండి. చైనాలో ఈ పనికి ఇసుకరేణువుల్లాంటి గరుకు కాడలుండే ఒక రెల్లులాంటి మొక్కను ఎండబెట్టి వాడేవారు. లోయల్లాంటి చోట్ల గరుకు కాస్త ఉంచేయండి. ఎత్తులు నున్నగా, లోతులు మొరటుగా ఉంటేనే నీడ నిలుస్తుంది.

ఆరో పని: నూనె, మైనం, చెయ్యి

నా మొదటి ముక్కను ఒక ఫర్నిచర్ పాలిష్ షాపులో ఇచ్చి రెండు రోజులు ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి పాకంలో తేలిన గులాబ్ జామూన్‌లా తయారైంది. వాళ్లు వేసిన మెలమైన్ అనే నిగనిగల పాలిష్ పొర గీకడానికి నెల పట్టింది, ముడతలన్నీ పోయాయి. మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) పాలిష్, వార్నిష్ ఏవీ వద్దు.

చైనాలో వాడే అసలు లక్క ఒక చెట్టు జిగురు. తగిలితే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, ఆరడానికి తేమ గది కావాలి. మనకది అందని పని. వాళ్లే వాడే రెండో దారి మైనం. ఒక వంతు తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టిన మరో గిన్నెలో కరిగించి, స్టవ్ ఆపేసి, పొయ్యికి దూరంగా తీసుకెళ్లి రెండు మూడు వంతుల టర్పెంటైన్ కలపండి. చల్లారితే వెన్నలా ఉంటుంది. పాత నూలుగుడ్డతో పలచగా పూసి, ఓ గంటాగి ఉన్ని గుడ్డతో గట్టిగా తుడవండి. వారం ఆగి మళ్లీ ఒకసారి.

రంగు ఇంకాస్త లోతుగా కావాలంటే మైనానికి ముందు అవిసె నూనె ఒక పూత పలచగా వేసి వారం పది రోజులు ఆరనివ్వండి. కొబ్బరి, వేరుశనగ నూనెలు ఆరవు, జిడ్డుపట్టి దుమ్ము లాగుతాయి. ఒక్క జాగ్రత్త: అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పారేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, విడదీసి ఆరేయండి.

ఆ తర్వాత మిగిలింది మీ చెయ్యి. ఏళ్ల తరబడి చేయి తగిలి వచ్చే మెరుపును చైనాలో బావ్‌జియాంగ్ అంటారు. మన అమ్మమ్మల రోకలి పిడి, ఊయల చెక్క ఎలా మెరుస్తాయో అలా. ఫోన్ మాట్లాడేటప్పుడు ముక్కను ఒళ్లో పెట్టుకుని తడుముతూ ఉండండి.

పీట, చోటు

ముక్క తనంతట నిలబడితే పీట అక్కర్లేదు. కావాలంటే టేకు పలక ఒకటి తీసుకోండి. ముక్క అడుగున రంగు సుద్ద రుద్ది పలక మీద అదిమితే ఎక్కడ తగులుతుందో అక్కడ రంగు పడుతుంది. రంగు పడ్డచోట మాత్రం ఉలితో కాస్త తీసి మళ్లీ అదమండి. ఇరవై ముప్పైసార్లు చేస్తే ముక్క గూట్లో కూర్చున్నట్టు దిగుతుంది. జిగురు వాడొద్దు, రేపు వేరేలా నిలబెట్టాలనిపించవచ్చు.

టీవీ పక్కన, షోకేస్ అద్దాల వెనక పెట్టకండి. రాసుకునే బల్ల మీద, పక్క కిటికీ వెలుగు పడేచోట ఒక్కటే పెట్టండి. ఎదురు వెలుగులో చదునుగా కనపడుతుంది. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. పేరు పెట్టాలనిపిస్తే ఒకటి రెండు మాటల్లో చిన్న కాగితం మీద రాసి కింద పెట్టండి. చేయి తిరిగేదాకా చెక్క మీద అక్షరాలు చెక్కే సాహసం వద్దు.

కొనేవాళ్లకు

ముక్కను తిరగేసి అడుగు చూడండి. అక్కడ పాలిష్ ఉండదు గనక అసలు కర్ర రంగు, బూజు, పురుగు చిల్లులు అన్నీ కనపడతాయి. పీచు ఒక కొమ్మలోంచి ఇంకో కొమ్మలోకి తెగకుండా పారాలి. మధ్యలో తెగి దిశ మారితే రెండు ముక్కలు అతికించినట్టే, అతుకులో రంపపుపొట్టు, జిగురు కలిపిన పుట్టీ దాగి ఉంటుంది. చిన్న టార్చిలైటును పక్కనుంచి వేస్తే పుట్టీ వేసినచోట మెరుపు తేడాగా ఉంటుంది. ‘నీళ్లలో మునుగుతుంది కాబట్టి అసలైన జితాన్’ అనే మాట నమ్మొద్దు, మునిగే కర్రలు చాలా ఉన్నాయి.

మొదటి వేసవిలో ముక్కకు సన్నటి పగులు వస్తే దాంట్లో ఏమీ నింపకండి. రెండో వేసవి దాకా అలాగే ఉంచండి. వానల్లో కొంత మూసుకుంటుంది, మూసుకోనిది ముడతల్లో కలిసిపోతుంది. దుమ్ముకు మెత్తటి పెయింట్ బ్రష్ చాలు, తడిగుడ్డ వద్దు.